మంచెమీది కావలి - జిమ్ కార్బెట్

జొన్నచేలు పాలుపట్టు కాలమున, మామిడితోటలు కాయకు వచ్చు దినములందు మన రైతులు మంచెలు కట్టుదురు. నాలుగు గుంజలు పాతి, పైన వాసములు పరచి, తాటాకు కప్పి, దానిపై కూర్చుండి పగలు పక్షులను, రాత్రి అడవిపందులను అదలింతురు. విస్సన్నపేట, తిరువూరు, నూజివీడు ప్రాంతముల బాలబాలికలకు మంచె యన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. ఎత్తున కూర్చున్నవానికి దూరము చక్కగ కనబడును. క్రింద తిరుగు జంతువునకు అతని వాసన అంతగా సోకదు. ఇట్టి మంచెలమీదనే తన జీవితములోని పెక్కు రాత్రులు గడపి, లోకప్రసిద్ధి గాంచిన పురుషుడొకడు కలడు. ఆయన యౌవనమున మంచె యెక్కినది క్రూరమృగమును చంపుటకు. వార్ధకమున మంచె యెక్కినది మృగములను చూచుటకును, చూడవచ్చినవారిని కాపాడుటకును. ఆయనయే జిమ్ కార్బెట్.

కార్బెట్ 1875 వ సంవత్సరము జూలై 25 వ తేదీన హిమాలయ సానువులందలి నైనితాల్ పట్టణమున జన్మించెను. తండ్రి క్రిస్టఫర్ కార్బెట్ ఆ యూరి పోస్టుమాస్టరు. కుటుంబము పెద్దది, ఆదాయము స్వల్పము. జిమ్‌కు ఆరవయేడు నిండకమునుపే తండ్రి మరణించెను. తల్లి మేరీ ధైర్యము విడువక, ఉన్నంతలో పొదుపుగా సంసారమును నడపి బిడ్డలను పెంచెను. తోబుట్టువులలో జిమ్‌కు మిక్కిలి ప్రియమైనది అక్క మార్గరెట్. ఆమెను ఇంటివారందరు మ్యాగీ అని పిలిచెడివారు. ఈ అక్కాతమ్ములిరువురును వివాహము చేసికొనక, తుదివరకు ఒకరికొకరు తోడుగా ఒకే యింట జీవించిరి.

కార్బెట్ కుటుంబమువారు వేసవిని నైనితాలులోను, చలికాలమును కొండలక్రింద నున్న కాలాధుంగి గ్రామములోను గడపెడివారు. కాలాధుంగి చుట్టును దట్టమైన యడవి. అదియే జిమ్‌కు రెండవ పాఠశాల. మొదట పంగలకర్రతోను, పిదప మందు దట్టించు పాత తుపాకితోను ఆ బాలుడు అడవియందు తిరుగాడెను. తడి యిసుకలోని అడుగుజాడను చూచి, అది ఏ జంతువుదో, ఎంతసేపటి క్రిందటిదో, ఏ దిక్కునకు పోయెనో చెప్పగల నేర్పు అతనికి క్రమముగా అలవడెను. జింక బెదరి యరచినపుడును, కొండముచ్చు చెట్టుకొననుండి కేకవేసినపుడును పులి యెచ్చట నున్నదో అతడు గ్రహింపగలిగెడివాడు. పులికూతను, చిరుతకూతను అచ్చముగా అనుకరింపను నేర్చుకొనెను. పుస్తకములవలెనే అడవిని గూడ అక్షరమక్షరముగా చదువవలయుననియు, ఒక్క యక్షరము తప్పినను ప్రాణమునకే ముప్పనియు అతనికి చిన్ననాడే తెలిసెను.

కుటుంబభారమును పంచుకొనవలసి యుండుటచే జిమ్ పై చదువులకు పోలేదు. ఇరువదియేండ్లు నిండకమునుపే రైల్వేకొలువున చేరెను. పిమ్మట బీహారుదేశమున గంగాతీరమందలి మొకామెఘాటునొద్ద సరకులు దింపి యెక్కించు గుత్త దొరకెను. ఒక యొడ్డున బండినుండి దించిన సరకును పడవలకెత్తించి, రెండవ యొడ్డున మరల బండ్లకెక్కింపవలెను. ఆ పనిలో ఆయన ఇరువది సంవత్సరములకు పైగా గడపెను. కూలీలతో కలసి తానును బరువులు మోసెను. వారి భాష మాటాడెను. వారి కష్టసుఖములు తెలిసికొనెను. రామశరణ్ అను స్టేషను మాస్టరుతో గూడి కూలీల బిడ్డలకొక బడి పెట్టెను. వేరువేరు కులముల పిల్లలు ఒకే కప్పుక్రింద, నాలుగు గోడలనడుమ కూర్చుండరాదని పెద్దలు అభ్యంతరము చెప్పగా, ఆ కట్టడపు గోడలనే తీసివేయించిరి. గోడలు లేకపోవుటచే అభ్యంతరమును లేకపోయెను. బడి సాగెను.

ఇట్లుండగా కుమావూను మండలమున ఒక ఘోరవిపత్తు సంభవించెను. చంపావత్ ప్రాంతమున ఒక ఆడుపులి మనుష్యులను తిన మరగెను. అది నేపాళమున 200 మందిని, పిదప మనదేశమున 236 మందిని పొట్టనబెట్టుకొన్నట్లు లెక్క తేలినది. కట్టెలకు పోయిన స్త్రీలు తిరిగి రాకుండిరి. జనులు పగటివేళనే తలుపులు బిగించుకొని యింట కూర్చుండిరి. పంటలు పొలములలో నిలిచిపోయెను. 1907 వ సంవత్సరమున ప్రభుత్వాధికారులు ఆ పులిని చంపుమని కార్బెట్‌ను కోరిరి. ఆయన రెండు నియమములు విధించెను. ఆ పులి తలకు ప్రకటించిన బహుమానమును రద్దుచేయవలెను. అడవిలో తిరుగుచున్న తక్కిన వేటగాండ్రను వెనుకకు పిలువవలెను. ధనాశతో తుపాకి పట్టినవాడని తన్ను ఎవ్వరును తలపరాదని ఆయన కోరిక. తుదకు తహసీలుదారుని సాయముతో, సుమారు మూడువందలమంది గ్రామస్థులు లోయ పైయంచున నిలిచి డప్పులు మ్రోగించి కేకలు వేయగా, బయటికి వచ్చిన పులిని ఆయన కూల్చెను.

అయితే ఆయన చచ్చిన పులిని చూచి పొంగిపోలేదు. దాని నోరు తెరచి చూచెను. కుడివైపున మీదిదియు క్రిందిదియునగు రెండు కోరలు విరిగియుండెను. ఎన్నడో ఎవ్వరో పేల్చిన తుపాకిదెబ్బకు అవి విరిగినవి. కోరలు లేని పులి బలిసిన జింకను పట్టజాలదు. ఆకలికి తాళలేక, పరుగెత్తలేని మనుష్యునిపై బడినది. కావున ఆ నాలుగువందలకు పైబడిన మరణములకు మూలము ఒక మనుష్యుడు గురితప్పి కాల్చిన గుండు. ఈ సత్యము కార్బెట్ హృదయమున నాటుకొనెను. పులి స్వభావముచేత నరభక్షకము కాదనియు, గాయమో, ముసలితనమో, ఆహారలోపమో దాని నట్లు చేయుననియు ఆయన జీవితాంతము చెప్పుచు వచ్చెను.

ఆయన ఓర్పునకు గీటురాయి రుద్రప్రయాగలోని చిరుతపులి. కేదారనాథ, బదరీనాథ క్షేత్రములకు పోవు యాత్రికుల దారిలో ఈ చిరుత 1918 మొదలు 1926 వరకు 125 మందిని చంపినట్లు ప్రభుత్వపు లెక్క. ఆ తొలియేట ఇన్‌ఫ్లుయెంజా వ్యాపించి జనులు గుంపులుగా మరణింపగా, దహనము చేయువారు లేక శవములను లోయలలోనికి త్రోసిరి. అట్లు చిరుతకు మనుష్యమాంసము రుచి తెలిసెనని కార్బెట్ అభిప్రాయము. అది తలుపు గొళ్ళెములు తప్పించి, నిద్రించువారిని చప్పుడు లేకుండ ఈడ్చుకొనిపోయెడిది. విషము పెట్టిరి, ఉచ్చులు పన్నిరి; ఏదియు ఫలింపలేదు. కార్బెట్ దానికొరకు వంతెన గోపురముపై వానకు తడిసి, గాలికి వణకి, రాత్రులు జాగరము చేసెను. తుదకు గులాబ్‌రాయ్ అనుచోట బాటప్రక్కనున్న మామిడిచెట్టుపై మంచె కట్టించి, క్రింద మెడకు గంట కట్టిన మేకను నిలిపి, రాత్రివెంట రాత్రి కాచియుండెను. 1926 మే నెల మొదట ఒక చీకటిరాత్రి గంట గలగలలాడెను. దీపపు వెలుగులో ఒక్క క్షణము చిరుత కనబడెను. ఆయన తుపాకి పేల్చగనే దీపము మసకబారెను. గుండు తగిలెనో లేదో తెలియక ఆయన తెల్లవారువరకు చెట్టుమీదనే కూర్చుండెను. ఉదయమున చూడగా ముసలి చిరుత ఒక గుంటలో చచ్చి పడియుండెను. నాటినుండి యాత్రికులు నిర్భయముగా నడచిరి.

కార్బెట్ మొదటినుండియు మృగసంరక్షకుడే యనుకొనుట పొరపాటు. ఆ కాలపు తెల్లదొరలవలెనే ఆయనయు వినోదమునకు వేటాడెను. 1930 వ సంవత్సరమున పొవల్‌గఢ్ అడవిలో, ఏ మనుష్యునికిని కీడు చేయని గొప్ప మగపులిని చంపెను. రాజప్రతినిధుల వేటలకు ఏర్పాట్లును చేసెను. కాని వయసు ముదిరినకొలది అడవి పలుచబడుటయు, పులుల సంఖ్య తగ్గుటయు ఆయన కనులార చూచెను. క్రమముగా తుపాకి మూలకు చేరెను. చలనచిత్రముల కెమేరా చేతికి వచ్చెను. తుపాకితో పులిని కొట్టుటకు ఒక క్షణము చాలును. కెమేరాతో పట్టుటకు దానిదాపున, అది బెదరకుండ, గంటలకొలది కదలక కూర్చుండవలెను. ఈ రెండవదే కష్టతరమని ఆయన యనుభవము. బడులకు పోయి పిల్లలకు అడవినిగూర్చి, పక్షులనుగూర్చి ఉపన్యసించెను; వారి వినోదమునకు పులివలె గర్జించి చూపెను. 1936 వ సంవత్సరమున కుమావూనులో, వేట నిషేధింపబడిన హేలీ జాతీయవనము వెలయుటకు ఆయన కృషియు తోడ్పడెను. భారతదేశమున అదియే మొట్టమొదటి జాతీయవనము.

కాలాధుంగి చెంత ఛోటీ హల్ద్వానీ అను గ్రామమును ఆయన 1915 వ సంవత్సరమున కొని, పేదరైతులను అందు నిలిపెను. అడవిపందులు పంటను పాడుచేయకుండ ఊరిచుట్టు రాతిగోడ కట్టించెను. మృగము వేరు, పైరు వేరు. రెండింటికిని నడుమ గోడయుండిన రెండును బ్రతుకునని ఆయన చేసి చూపెను. ఆయనయు మ్యాగీయు తమ యింటి వసారాలో రోగులకు మందులిచ్చెడివారు.

మొదటి ప్రపంచయుద్ధమున ఆయన 500 మంది కుమావూను వారిని వెంటబెట్టుకొని ఫ్రాన్సునకు పోయి, దాదాపు అందరిని క్షేమముగా ఇంటికి చేర్చెను. రెండవ యుద్ధకాలమున సైనికులకు అడవిలో మెలగు విధము నేర్పి, వ్యాధిగ్రస్తుడాయెను. 1944 వ సంవత్సరమున, తన అరువదితొమ్మిదవ యేట, కుమావూను నరభక్షకములనుగూర్చి ఆయన వ్రాసిన ఆంగ్లగ్రంథము వెలువడి పలుదేశములవారిని ఆకర్షించెను. దాని తొలిముద్రణపు ఆదాయమును యుద్ధమున చూపు కోల్పోయిన భారతసైనికుల శిక్షణాలయమునకు ఇచ్చివేసెను.

1947 వ సంవత్సరమున మనకు స్వాతంత్ర్యము లభించెను. ఈ దేశముననే పుట్టి పెరిగినను, తెల్లవారికి ఇచ్చట ఇక చోటుండునో లేదో యని కార్బెట్ సందేహించెను. ఆ సందేహము నిజము కాలేదు. కాని నాడు పెక్కుమంది ఆంగ్లేయులకు అది తోచినదే. డెబ్బదిరెండేండ్ల తమ్ముడును, డెబ్బదిమూడేండ్ల అక్కయును ఆ యేటి చివర నైనితాలు ఇల్లు విడచి, ఓడయెక్కి ఆఫ్రికాఖండమునకు బయలుదేరిరి. ఛోటీ హల్ద్వానీ భూమిని కార్బెట్ కౌలుదారులకే విడచెను. తాను బ్రతికినంతకాలము ఆ భూమికి శిస్తు దూరదేశమునుండి తానే చెల్లించెను.

వారు చేరినది కెన్యాదేశము. అది భూమధ్యరేఖపై నున్నను, ఎత్తైన ప్రదేశమగుటచే అందలి కొండసీమలు చల్లగ నుండును. కెన్యాపర్వతమునకును ఆబర్‌డేర్ కొండలకును నడుమ నియెరి అను పట్టణము కలదు. అచ్చటి ఔట్‌స్పాన్ హోటలు ఆవరణలో ఒక చిన్న కుటీరముండెను. స్కౌటు ఉద్యమమును నెలకొల్పిన బేడెన్ పవెల్ తన చివరి దినములు గడపినది ఆ కుటీరముననే. అక్కాతమ్ములు దానిని తమ యిల్లుగా చేసికొనిరి. ఉదయమున పక్షులకు గింజలు చల్లుచు, సాయంకాలమున హిమాలయములను తలచుకొనుచు వారు కాలము పుచ్చిరి.

సఫారి యను మాట ఆఫ్రికాలోని స్వాహిలీభాషకు చెందినది. యాత్ర యని దాని యర్థము. ఉర్దూలో ప్రయాణమును సఫర్ అందురు గదా, ఆ రెండింటికిని మూలము అరబ్బీపదమే. పూర్వము సఫారి యనగా తుపాకులతో, గుడారములతో, మోతగాండ్ర బారులతో సాగు వేట. కొమ్ములకొరకు, దంతములకొరకు, తోళ్ళకొరకు లెక్కలేనన్ని మృగములు కూలెను. ఆ కాలముననే వేరొక త్రోవ తొక్కినవాడు ఔట్‌స్పాన్ హోటలు యజమాని ఎరిక్ షెర్‌బ్రూక్ వాకర్. ఆయన 1932 వ సంవత్సరమున ఆబర్‌డేర్ అడవిలో ఒక మహావృక్షముమీద చిన్న చెక్కయిల్లు కట్టించెను. ఆ చెట్టు మన మర్రి, రావి, మేడి జాతులకు చెందినది. అచ్చటి కికూయు ప్రజలు అట్టి వృక్షములను పవిత్రములుగా భావింతురు. ట్రీటాప్స్ అని దానికి పేరు. చెట్టుకెదుట ఒక నీటిమడుగు, మడుగు చుట్టును ఉప్పునేల. చీకటిపడగనే ఏనుగులు, ఖడ్గమృగములు, అడవిదున్నలు ఉప్పు నాకుటకును నీరు త్రావుటకును గుంపులుగా వచ్చెడివి. అతిథులు సాయంకాలమున నిచ్చెనయెక్కి, గుసగుసలతప్ప మాటాడక, తెల్లవారువరకు వానిని చూచి ఆనందించెడివారు. ఆ యింటినుండి మృగములపై గుండు పేల్చు ఆచారము లేకుండెను.

ఈ యింటికి కార్బెట్ తరచుగా పోయి అతిథులకు తోడుగ నుండెడివాడు. చెట్టుపైని ఆసనము ఆయనకు క్రొత్త కాదు. నిద్రను గెలుచుట, కదలకుండుట, చీకటిలో చప్పుడును గుర్తించుట అను మూడు విద్యలును ఆయనకు నలువదియేండ్లక్రిందనే అలవడినవి. అక్కరమాత్రము మారినది. మునుపు క్రింది మేకకొరకు వచ్చు చిరుతను చంపుటకు మేలుకొనెను. ఇప్పుడు పైనున్న అతిథులకు హాని కలుగకుండ, క్రిందనున్న మృగములకు బెదురు కలుగకుండ మేలుకొనెను.

1952 ఫిబ్రవరి 5 వ తేదీన ఇంగ్లండు రాజపుత్రి ఎలిజబెత్తు, భర్త ఫిలిప్పుతో గూడ ట్రీటాప్స్‌కు విచ్చేసెను. అప్పటికామె వయసు ఇరువదియైదేండ్లు. ఆమెకు తోడుగ నుండవలసినదిగా కార్బెట్‌ను ఆహ్వానించిరి. ఆ దినమున ఏనుగుల మంద ఒకటి చెట్టుకు మిక్కిలి సమీపముననే మెలగుచుండెను. ఆమె తొట్రుపడక నడచివచ్చి నిచ్చెన యెక్కెను. ఆ సాయంకాలమంతయు ఏనుగులను, పిల్లయేనుగుల యాటలను చూచుచు, చలనచిత్రము తీయుచు గడపెను. రాత్రి ఖడ్గమృగములు వచ్చెను. చిరుతలు నిచ్చెన యెక్కగలవు గదా! అందుచే డెబ్బదియారేండ్ల కార్బెట్ తుపాకి దగ్గర నుంచుకొని, సుమారు ముప్పది యడుగుల నిచ్చెన పైమెట్టునొద్ద కూర్చుండి, రాత్రియంతయు కావలి కాచెను. అతిథులు నిర్భయముగా నిద్రించిరి. తుపాకి పేల్చు నవసరము కలుగలేదు.

ఆ రాత్రియే దూరమున ఇంగ్లండులో ఆమె తండ్రి ఆరవ జార్జి రాజు నిద్రలో మరణించెను. తండ్రి మరణముతో కుమార్తె రాణియాయెను. కాని అడవినడుమ చెట్టుమీదనున్న ఆమెకుగాని, తోడివారికిగాని ఆ సంగతి తెలియదు. మరునాటి యుదయమున ఆమె సంతోషముతో చెట్టు దిగి, సగానా యను బసకు చేరిన తరువాతనే ఆ దుఃఖవార్త తెలిసెను. చెట్టెక్కినపుడు రాకుమారి, దిగునప్పటికి మహారాణి! ఈ వింతను కార్బెట్ ట్రీటాప్స్ అతిథుల పుస్తకమున వ్రాసియుంచెను.

ఆ తరువాత కెన్యాలో దుర్దినములు వచ్చెను. తమ భూములను తెల్లవారు ఆక్రమించిరని కికూయు ప్రజలు తిరుగుబాటు చేయగా, 1952 అక్టోబరున ప్రభుత్వము అత్యవసరస్థితిని ప్రకటించెను. ఆ పోరులో 1954 వ సంవత్సరమున ట్రీటాప్స్ అగ్నికి ఆహుతియయ్యెను. ఆ చెట్టునుగూర్చియు, ఆ రాత్రినిగూర్చియు కార్బెట్ ఒక చిన్న పుస్తకమును వ్రాసెను. అది అచ్చున వెలువడుటను ఆయన చూడలేదు. 1955 ఏప్రిల్ 19 వ తేదీన గుండెపోటుచే నియెరిలో కన్నుమూసెను. బేడెన్ పవెల్ సమాధియున్న స్మశానవాటికలోనే ఆయనయు నిదురించుచున్నాడు. అక్క మ్యాగీ ఒంటరిగా మిగిలిపోయెను. కెన్యా 1963 వ సంవత్సరమున స్వతంత్రమాయెను. 1977 లో ఆ దేశము వేటను నిషేధించెను. ట్రీటాప్స్ 1957 లోనే సమీపమున మరల నిర్మింపబడెను. సఫారి యను మాట నేడు తుపాకిని గాక, కెమేరాను జ్ఞప్తికి తెచ్చుచున్నది. తల్లిదండ్రులు బిడ్డలతో గూడ ఆఫ్రికా గుడారములలో బసచేసి, సింహములను, ఏనుగులను కనులార చూచి వచ్చుచున్నారు.

తనకు చోటుండదేమో యని కార్బెట్ విడచిపోయిన దేశము ఆయనను మరువలేదు. స్వతంత్రభారత ప్రభుత్వము ఆ తొలి జాతీయవనమునకు కార్బెట్ పేరు పెట్టెను. 1968 వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు ఇండోచైనా ప్రాంతపు పులిజాతికి ఆయన పేరు చేర్చిరి. 1973 ఏప్రిల్ 1 వ తేదీన పులుల సంరక్షణ ప్రణాళిక ప్రారంభమైనది ఆ కార్బెట్ వనముననే. ఆ ప్రణాళిక మన తెలుగునేలకును వచ్చి, 1983 వ సంవత్సరమున నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యము వెలసెను. అచ్చట చెంచులు తరతరములుగా పులులతోనే కాపురము చేయుచున్నారు.

గుండు పేల్చుటలో ప్రవీణులు నాడు పెక్కుమంది యుండిరి. వారి పేర్లు నేడు ఎవ్వరికిని తెలియవు. కార్బెట్ పేరు నిలిచినది. చచ్చిన పులి నోరు తెరచి, అది యేల మనుష్యుని తిన్నదో తెలిసికొనవలెనని ఆయనకు తోచుటయే అందులకు మూలము. కారణము తెలిసినపిదప కోపము నశించెను. కోపము నశించినపిదప కాపాడవలెనను కోరిక కలిగెను. అడవికి పోవు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఆయనవలె మొదట చూడ నేర్వవలెను. చప్పుడు చేయక, తొందరపడక చూచువానికి అడవి తన రహస్యములను తానే తెలుపును.